గండదీపం



ధర్మపురికి పోయొచ్చినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఇవతల పాత కరీంనగర్ జిల్లా, అవతల పాత ఆదిలాబాద్ జిల్లా, నడుమ గోదావరి. 2016లో జిల్లాలు విడిపోయినంక ఇవతలి ఒడ్డు జగిత్యాల కిందికి, అవతలి ఒడ్డు మంచిర్యాల కిందికి పోయింది. అయినా రాయిపట్నం వంతెన మీద బస్సు కిటికీలోంచి నీళ్లలోకి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టుకోవడం రెండు ఒడ్ల వాళ్లకూ ఉన్న అలవాటే. గోదావరి ఇక్కడ దక్షిణానికి మళ్లి పారుతుంది. దక్షిణం యముని దిక్కు. ఆ లెక్కనే కాబోలు, ఈ ఊళ్లో లక్ష్మీనరసింహస్వామి గుడి ఆవరణలోనే యమధర్మరాజుకు కూడా గుడి ఉంది.

యముడికి గుడి అంటే కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు. మన ఇళ్లల్లో పొద్దున్నే ఆయన పేరెత్తితే పెద్దవాళ్లు కసురుకుంటారు. పెళ్లిపత్రిక మీద వినాయకుని బొమ్మ వేస్తాం, వెంకన్న బొమ్మ వేస్తాం, యముని బొమ్మ వేసినవాణ్ని నేనింతవరకు చూడలేదు. అటువంటి దేవుడికి ధర్మపురిలో నిత్యపూజ. దీపావళి వెళ్లిన రెండో రోజు, అన్నాదమ్ములు అక్కాచెల్లెళ్ల ఇంట భోజనానికి పోయే యమద్వితీయ నాడు, ప్రత్యేక పూజ.

ఆ గుడిలో ఒక దీపం వెలుగుతుంటుంది. గండదీపం అంటారు. వచ్చినవాళ్లు తలా ఇంత నూనె పోసి పోతారు. జాతకంలో గండముందని చెప్పించుకున్నవాళ్లు, ఆపరేషన్ తేదీ దగ్గరపడ్డవాళ్లు, కోర్టు వాయిదా ఉన్నవాళ్లు, దుబాయి పోయిన కొడుకు నుంచి ఫోను రాక నెల దాటినవాళ్లు. కాసేపు పక్కన నిలబడి సీసా మూత తిప్పే చేతులను చూడండి. కొందరి చేతులు గబగబా పోసి తప్పుకుంటాయి. కొందరి చేతులు ఆఖరి బొట్టు జారేదాకా సీసాను అట్లాగే వంచి పట్టుకుంటాయి.

దేవుడు దండిస్తున్నాడనిపించే రోజుల్లో దేవుని దయ మీద ఆశ ఎట్లా నిలుపుకోవాలి అనే అంశం మీద ఆకాశవాణివాళ్లు మాట్లాడమన్నారు. అంశం వినగానే నాకు ఏ గ్రంథమూ గుర్తు రాలేదు. ఆ నూనె వాసన గుర్తొచ్చింది. అది ఎందుకో ముందు చెప్పి, తర్వాత పెద్ద మాటల్లోకి పోతాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. జగిత్యాలకు దగ్గర్లోనే మా ఊరు. మా అమ్మకు విడవకుండా చలిజ్వరం వచ్చి, ఎట్లాగో తగ్గింది. మా నాయనమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, నర్సింహస్వామికి ముడుపు కట్టింది. పసుపు బట్టలో చిల్లర పైసలు మూటగట్టి దేవుని గూట్లో పెట్టింది. సరిగ్గా ఆ వారమే పక్క ఊరికి టూరింగ్ టాకీస్ వచ్చింది. గూడు నాకు అందే ఎత్తులోనే ఉంది. ముడి విప్పి, ఒక అర్ధరూపాయి తీసి, మళ్లీ అట్లాగే ముడివేశాను. నేలటికెట్టు, మిరపకాయ బజ్జీలు, మిగిలిన దాంతో గోటీలు. దేవుని పైసలతో చూసిన సినిమా కదా, ఇప్పటికీ ఒక్క ముక్క గుర్తు లేదు.

మర్నాడే దొరికిపోయాను. ముడి అట్లాగే వేశానని నేననుకున్నాను. అవ్వ వేసే ముడి కొస ఎడమ దిక్కు ఉంటుందట. నాది కుడి దిక్కు వచ్చింది. చింతబరిగె విరిగేదాకా కొట్టింది. రెండు పిక్కల మీదా వాతలు తేలినయి. అంతటితో అయిపోయిందనుకున్నాను, కాలేదు. "దేవుని పైసలు దేవునికి నువ్వే కట్టాలె. మీ నాయనను అడుగుడు లేదు" అంది. పల్లికాయ తెంపే రోజులవి. పెద్దవాళ్ల వెంట చేనుకు పోయి, పొద్దంతా వంగి తెంపితే పది పైసలు చేతిలో పెట్టేవాళ్లు. అర్ధరూపాయికి ఐదు రోజులు పట్టింది.

ఆరో రోజు ధర్మపురికి తీసుకుపోయింది. గోదావరిలో ముంచింది. నా అర్ధరూపాయిని ముడుపులో నా చేతనే వేయించి, ముడి మాత్రం తను వేసింది. తర్వాత యముని గుడికి తీసుకుపోయి, కడిగిన మందుసీసాలో తెచ్చిన మంచినూనె నా చేతికిచ్చి పొయ్యమంది. నేను తల ఎత్తలేదు. యముడు ఎట్లా ఉంటాడో ఆ రోజు చూడనే లేదు. దీపం ఒక్కటే చూశాను. నూనె పడగానే వత్తి ఒకసారి చిటపటమని, మళ్లీ కుదుటపడింది. నేను పోసినంక అవ్వ తన ఆకువక్కల సంచిలోంచి ఇంకో సీసా తీసింది. అది నా సీసా కంటే పెద్దది. మెల్లగా పోసింది. ఎందుకని నేను అడగలేదు. అడిగే ధైర్యం ఉన్న రోజు కాదది.

ఇక స్థలపురాణం. పాపుల్ని శిక్షించీ శిక్షించీ యముడికి మనశ్శాంతి కరువైందట. ఎన్ని క్షేత్రాలు తిరిగినా కుదురు దొరకలేదు. చివరికి ధర్మపురికి వచ్చి, గోదావరిలో స్నానం చేసి, నరసింహుణ్ని కొలిస్తే అప్పుడు స్థిమితపడ్డాడట. స్వామి తన గుడిలోనే చోటిచ్చాడు, ఈయన ఉండిపోయాడు. ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదు అని మనవైపు ఒక మాట. ఎందుకుండదంటే, యముడే ఇక్కడున్నాడు గదా అని కొందరు నవ్వులాటకు అంటారు. నాకైతే ఆ నవ్వులాటలోనే అసలు సంగతి ఉందనిపిస్తుంది. శిక్ష వేయడమే వృత్తిగా ఉన్నవాడు కూడా ఆ భారం మోయలేక దయను వెతుక్కుంటూ బయల్దేరిన కథ ఇది. మనల్ని కొట్టే చెయ్యి మనం మొక్కే దేవునికే మొక్కుతున్నదని తెలిస్తే భయం పూర్తిగా పోకపోవచ్చు. దాని రంగు మాత్రం మారుతుంది.

ఇక్కడ మన మాటల్ని కొంచెం తరచి చూడాలి. దండం అంటే కర్ర. యముణ్ని దండధరుడంటారు. దండన అంటే శిక్ష. కులపంచాయితీల్లో వేసే జరిమానా దండుగ. మరి గుడి ముందర చేతులెత్తి పెట్టేది? అదీ దండమే. కర్ర పడ్డట్టు నేల మీద బోర్లా పడి మొక్కుతాం కాబట్టి ఆ పేరొచ్చిందని పండితులు చెప్తారు. కొట్టేదానికీ మొక్కేదానికీ మన నాలుక మీద ఒక్కటే మాట! శిక్ష అనే మాటా అంతే. జైలుకు పంపడమూ శిక్షే. ఆరు వేదాంగాల్లో ఒకదాని పేరూ శిక్షే, అక్షరం ఎట్లా పలకాలో నేర్పే శాస్త్రమది. వేదం చదువులకు పేరుపడ్డ ధర్మపురిలో, ఒక్క స్వరం తప్పినందుకు గురువు అదే వేదపనసను పదిసార్లు చెప్పించాడనుకోండి, అది నేర్పడమా దండించడమా? ఆ పిల్లవాణ్ని అడిగితే దండనే అంటాడు. ఇరవై ఏళ్లు గడిచాక మళ్లీ అడగాలి.

అందరికీ ఎవరో ఒకరు వచ్చి శిక్ష వేయాల్సిన పని కూడా లేదు. ఇదే గోదావరి ఆవలి దిక్కు, జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు ఉంది. ఏటా పుష్యమాసంలో మెస్రం వంశపు గోండులు అక్కడికి నడిచి వచ్చి, ఝరి అనే కలశంలో గంగాజలం నింపుకొని ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ దాకా మళ్లీ నడిచిపోతారు. కాళ్లకు చెప్పులుండవు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతో తమ నాగదేవుడు నాగోబాకు పూజ. ఆ రాత్రే వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవునికి చూపించే భేటింగ్ జరుగుతుంది. పుష్యమాసపు చలిలో, ఆదిలాబాద్ అడవి దారుల్లో, ఉత్త కాళ్లతో నడక! ఇది శిక్షా అని వాళ్లనడిగితే మనల్ని వింతగా చూస్తారు. మోసేది దేవుని నీళ్లని తెలిసినవాడికి ముల్లు గుచ్చుకోదని కాదు. గుచ్చుకుంటుంది, తీసేసుకుని నడుస్తాడు.

ధర్మపురి అనగానే శేషప్ప కవి పేరు చెప్పకుండా ఉండలేం. నరసింహ శతకం రాసినాయన. మా తరం వాళ్లకు బడికి పోకముందే ఆయన సీసపద్యాలు నాలుగు నోటికొచ్చేవి. అర్థం తెలిసి కాదు, రాగం బాగుండి. పెద్దయినంక చదివితే తెలిసింది, అవి పాపం ఒక బీద మనిషి తన దేవునితో పెట్టుకున్న లెక్కాపత్రాలని. ఒక పద్యంలో తన తప్పుల జాబితా చదువుతాడు. అబద్ధాలాడటం నేర్చాను గానీ నిజం పలకడం నేర్వలేదంటాడు. అట్లా ఒకటి తర్వాత ఒకటి, నేర్చినవీ నేర్వనివీ. ఎక్కడా సాకు చెప్పడు. ఇంకో పద్యం ఇంకా ప్రసిద్ధం. బతికినన్నాళ్లూ నీ పేరు తలుచుకుంటూనే ఉంటాను గానీ, చివరి ఘడియలో యమభటులు వచ్చి ప్రాణాలు పెరుకుతుంటే, గొంతుకు కఫం అడ్డుపడి, ఒళ్లంతా వణుకుతుంటే, అప్పుడు నిన్ను పిలవగలనో లేనో తెలియదు, అందుకని ఆ నాటి పిలుపు ఇప్పుడే పిలుస్తున్నాను, చెవిన వేసుకో అని మనవి చేసుకుంటాడు.

ఆ పద్యం నేను ఎన్నో చోట్ల విన్నాను, భజనల్లో, ఆఖరికి సినిమా హాల్లో కూడా. కానీ అది పుట్టిన చోట ఒకసారి నిలబడి తలుచుకోవాలి. ఆయన ఏ యమభటుల గురించి భయపడ్డాడో, వాళ్ల దొర గుడి ఆయన రోజూ దండం పెట్టే గుడి ఆవరణలోనే ఉంది. ఎక్కడో వైతరణి అవతల ఉన్న యముడు కాదు, ఇరుగుపొరుగు యముడు. శేషప్ప భయం నిజం భయమే. అయితే భయపెట్టేవాడి ఇల్లూ కాపాడేవాడి ఇల్లూ ఒకే ప్రహరీగోడ లోపల ఉన్న ఊళ్లో పుట్టిన భయమది. అందుకే ఆ పద్యంలో ఏడుపు లేదు. ముందు జాగ్రత్త ఉంది. ఎండాకాలంలోనే గడ్డివాము వేసుకున్న రైతు మాట లాంటిది.

చివరి ఘడియ పిలుపు అనగానే భాగవతంలోని అజామిళుడు గుర్తుకు రావాలి. బతుకంతా దారి తప్పినవాడు. చావుమంచం మీద చిన్నకొడుకును నారాయణా అని పిలిస్తే విష్ణుదూతలు వచ్చి యమపాశం తప్పించారు. ఈ కథను మనవాళ్లు సగమే చెప్తారు. పేరు పలికాడు, వైకుంఠానికి పోయాడు, అయిపోయింది. భాగవతం అట్లా చెప్పదు. పాశం తెగింది, కానీ విమానం వెంటనే రాలేదు. అజామిళుడు మళ్లీ బతికి మంచం మీద లేచి కూర్చున్నాడు. రెండు దిక్కుల వాళ్ల వాదనా విన్నాడు. చేసినవన్నీ కళ్ల ముందు తిరిగి కుమిలిపోయాడు. ఇల్లు విడిచి గంగాద్వారానికి పోయి, ఇంద్రియాల్ని కట్టుకొని, సాధన చేశాడు. ఆ తర్వాతే ఆ దూతలు మళ్లీ వచ్చారు. అంటే దయ ముందొచ్చింది, క్రమశిక్షణ వెనకొచ్చింది. బాగుపడితే దయ చూపిస్తానని షరతు పెట్టినట్టు ఎక్కడా లేదు. దయ చూసినంక బాగుపడకుండా ఉండలేకపోయాడు. ఆ కథలోనే ఇంకో ముచ్చట: వట్టి చేతులతో తిరిగొచ్చిన భటులకు యముడు నీతి చెప్పి, తన వాళ్ల తప్పును మన్నించమని తానే నారాయణుణ్ని వేడుకుంటాడు. ధర్మపురి స్థలపురాణానికీ దీనికీ పోలిక ఎవరైనా రాశారో లేదో గానీ, నాకు మాత్రం ఈ ఇద్దరు యముళ్లూ ఒకరే అనిపిస్తారు.

ఇంతవరకు చెప్పింది తప్పు చేసి, తప్పని తెలిసి, దండన అనుభవిస్తున్నవాడి సంగతి. ఇప్పుడొక గట్టి మాట చెప్పాలి. ప్రతి కష్టమూ దేవుడు వేసిన శిక్ష కాదు. ఈ మాట నేను మెత్తగా చెప్పదలచుకోలేదు. మొగ్గం నడవక, అప్పు తీరక సిరిసిల్లలో నేతన్నలు ప్రాణాలు తీసుకున్న రోజులు చూశాం. ఆదిలాబాద్ నల్లరేగళ్లలో పత్తి పెట్టి మునిగినవాళ్లను చూశాం. ఆ ఇళ్లకు పరామర్శకు పోయి, ఏం పాపం చేసుకున్నరో ఏమో అని గడపలోనే గొణిగేవాళ్లనూ చూశాం. దూలానికి వేలాడినవాణ్ని మళ్లీ ఒకసారి వేలాడదీయడమే అది. బైబిల్లో యోబు అనే భక్తుని కథ చదివినవాళ్లకు తెలుసు. ఆస్తి పోయి, పిల్లలు పోయి, ఒంటినిండా పుండ్లతో కూర్చున్నవాడి దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చుంటారు, ఆ ఏడు రోజులు బాగానే చేశారు. నోరు తెరిచినంకనే చెడింది. నువ్వేదో తప్పు చేసే ఉంటావని వరసగా ఉపన్యాసాలు. కథ చివర దేవుడు కోపగించింది యోబు మీద కాదు, ఈ ముగ్గురి మీద.

అంత దూరం పోనక్కర లేదు. సిరిసిల్ల పద్మశాలీల మూలపురుషుడు మార్కండేయుడు. ఆ పిల్లవాడు ఏం తప్పు చేశాడని పదహారేళ్లకే ఆయుష్షు? తల్లిదండ్రులకు శివుడు రెండు దారులు చూపాడు. నిండు నూరేళ్లు బతికే మందబుద్ధి కావాలా, పదహారేళ్లే బతికే గుణవంతుడు కావాలా అని. వాళ్లు గుణం కోరుకున్నారు. అంతే. అయినా పాశం వచ్చి పడింది. లింగాన్ని కౌగిలించుకుంటే పాశం లింగం మీదా పడింది. అప్పుడు శివుడు యముణ్ని తన్నాడు! అక్కడ దేవుడు యముణ్ని తన్నాడు, ఇక్కడ ధర్మపురిలో దేవుడు యముడికి తన పక్కన చోటిచ్చాడు. రెండు కథలూ మన జిల్లావాళ్లు నెత్తిన పెట్టుకున్నవే. పొరపాటున ఒక కథ అవసరమైన చోట ఇంకోటి చెప్పకూడదు. బిడ్డ పోయిన తల్లికి ధర్మపురి కథ చెప్తే పాపం తగులుతుంది, ఆమెకు చెప్పాల్సింది మార్కండేయుని కథ. ముడుపు విప్పిన నాలాంటివాడికి మార్కండేయుని కథ చెప్తే ఇంకో ముడుపు విప్పుతాడు. ఎవరికేదో బయటివాళ్లం తేల్చలేం. తొమ్మిదేళ్లప్పుడు నాది ఏ కథో నాకు తెలుసు. నా పిక్కలకు ఇంకా బాగా తెలుసు.

మరి తప్పు ఒప్పుకున్నవాడికి ఆశ ఎక్కడ దొరుకుతుంది? మన ప్రాంతంలో ఇంటింటికీ తెలిసిన ఒక మాటతో చెప్తాను. ఖల్లివెల్లి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. గల్ఫ్‌లో కంపెనీ విడిచి బయటపడి, వీసా గడువు దాటి, దొంగచాటుగా పనిచేసుకునేవాణ్ని ఖల్లివెల్లి అయిండు అంటారు. అక్కడి ప్రభుత్వాలు అప్పుడప్పుడు ఆమ్నెస్టీ ప్రకటిస్తాయి. మన పేపర్లు దాన్ని క్షమాభిక్ష అని రాస్తాయి. ఎమిరేట్స్‌లో 2018లో ఇచ్చారు, 2024లో మళ్లీ ఇచ్చారు. గడువులోగా వచ్చి పేరు రాయించుకుంటే జరిమానా మాఫీ, ఇంటికి పోవచ్చు.

మాకు తెలిసిన ఒక పిల్లవాడు 2018లో అట్లా వచ్చినవాడే. పిల్లవాడంటే నలభై ఏళ్లుంటాయి, నాకు పిల్లవాడే. అతను చెప్పిన ఒక్క ముక్క నేను మరచిపోలేను. క్షమాభిక్ష మొదలైన రోజే అతనికి కబురు తెలిసింది. అయినా రెండు నెలలు పోలేదు. ఎందుకురా అంటే, "పట్టుకునుడుకు ఇదొక ఉపాయమేమో అనుకున్న సార్" అన్నాడు. క్యాంపుల సంగతి, రాత్రిపూట మెట్ల మీద బూట్ల చప్పుడైతే మంచం కిందికి దూరడం, జ్వరమొచ్చినా దవాఖానకు పోలేకపోవడం, అన్నీ చెప్పాడు. చివరికి ఒక రోజు, పట్టుకుంటే పట్టుకోనీ అనుకొని పోయి లైన్లో నిలబడ్డాడు. ఔట్‌పాస్ చేతికొచ్చినంక కూడా విమానం ఎక్కేదాకా నమ్మకం కలగలేదట. ఆ రెండు నెలల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. దయ ప్రకటించి ఉంది, తలుపు తెరిచి ఉంది, జనం నడిచిపోతున్నారు. అతను మాత్రం మంచం కిందనే ఉన్నాడు. చాలాకాలం దెబ్బలు తిన్నవాడికి చెయ్యి ఎత్తగానే కొట్టడానికే అనిపిస్తుంది. దీవించడానికి కూడా చెయ్యే ఎత్తుతారు కదా.

వచ్చినంక అతని కష్టాలన్నీ తీరాయని చెప్పను. ఏజెంటుకు కట్టిన అప్పు అట్లాగే ఉంది, మిత్తి కూడా పెరిగింది. కొడుకు అతణ్ని గుర్తుపట్టక తల్లి వెనక దాక్కున్నాడు. కొన్నాళ్లు ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత ట్రాక్టరు డ్రైవరుగా కుదిరాడు. వాళ్ల అమ్మ అతణ్ని ధర్మపురికి తీసుకుపోయి గండదీపంలో నూనె పోయించింది. "గండం గడిచింది సారూ" అంది నాతో. పోయింది అనలేదు, గడిచింది అంది. మన భాషలో గండం గడుస్తుంది, లేకపోతే గట్టెక్కుతాం. గోదావరి ఒడ్డున బతికే జనం మాటలవి. నీళ్లు ఆగిపోవాలని ఎవరూ మొక్కరు, గట్టు ఎక్కించమని మొక్కుతారు.

ఇక దెబ్బ తింటున్నప్పటి నొప్పి సంగతి. క్రైస్తవుల శ్రమదినాల్లో మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో చర్చి పక్కన నడిచిపోతుంటే బైబిల్లోని హెబ్రీయుల పత్రిక మీద ప్రసంగం వినబడవచ్చు. తండ్రి దండించేది కొడుకునే గానీ పరాయివాణ్ని కాదని అందులో ఒక వాదం ఉంది. దండన అప్పటికి దుఃఖంగానే ఉంటుందని కూడా దాపరికం లేకుండా ఒప్పుకుంటుంది ఆ పత్రిక. ఆ ఒప్పుకోలు నాకు నచ్చుతుంది. దెబ్బ తగిలినప్పుడు నొప్పి లేదనమని ఏ దేవుడూ అడగలేదు. ప్రహ్లాదుని కథలోనైతే ఇంకో అడుగు ముందుకే పోయారు మనవాళ్లు. హిరణ్యకశిపుణ్ని చీల్చిన నరసింహుని దగ్గరికి పోవడానికి దేవతలంతా జంకుతుంటే, ఆ పసివాడే పోయి నిలబడతాడు. వరమడగమంటే, తనను ఏనుగులతో తొక్కించిన, పాములతో కరిపించిన ఆ తండ్రినే మన్నించమంటాడు. నీ తండ్రితో సహా ఇరవై ఒక్క తరాలు పవిత్రమయ్యాయని స్వామి అంటాడు. గోళ్ల నెత్తురు ఇంకా ఆరలేదు, అప్పుడే మన్నింపు! ఆ ఉగ్రమంతా ఉపశమించి యోగంలో కూర్చున్న మూర్తినే మనం ధర్మపురిలో చూస్తాం.

మా అవ్వ రెండో సీసా సంగతి చెప్పలేదు కదా.

చదువై, నేను పంతులుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకరోజు ఏడో తరగతి పిల్లవాణ్ని కొట్టాను. ఏదో లెక్క తప్పు చేశాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు ఇంట్లో ఏదో చిరాకు, అదంతా వాడి అరచేతుల మీద తీర్చుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చినా మనసు కుదుటపడలేదు. అవ్వ అప్పటికి మంచంలో ఉంది. కళ్లు సరిగ్గా కనబడవు, చెవులు మాత్రం బాగానే పనిచేసేవి. పక్కన కూర్చొని, అన్నేళ్ల తర్వాత అడిగాను. అవ్వా, ఆ రోజు యముని దీపంలో నువ్వెందుకు నూనె పోసినవ్ అని.

ఆమె చాలాసేపు పలకలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. తర్వాత తన కుడిచెయ్యి ఎత్తి, నాకు చూపిస్తున్నట్టు అటూ ఇటూ తిప్పింది.

"నిన్ను కొట్టిన చెయ్యి గిదే గద బిడ్డా. మూడు దెబ్బలు నీ తప్పుకు. కడమవి నా కోపానికి. గవి ఎవలు కట్టాలె?"

నేనేమీ అనలేదు. ఆమే మళ్లీ అంది.

"యమునికి ఎరుకైతదిరా. ఆయన గుడ కొట్టేటోడే."

ముప్పై ఏళ్లకు పైగా బడిలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ధర్మపురికి పోయేటప్పుడు నూనె సీసా కొంచెం పెద్దదే పట్టుకుపోతుంటాను.